ఈర్పెన

కొమ్మును కాలిస్తే వెంట్రుక కాలిన వాసనే వస్తుంది.
రెండూ ఒకటే సరుకురా అనేవాడు మా నాన్న,
గేదె తలమీద గట్టిపడింది, మనిషి తలమీద మెత్తబడింది, అంతే.
పర్లాకిమిడిలో మా ఇంటికి
అడ్రసు చెప్పనక్కర్లేదు.
ముక్కు ఉంటే చాలు.

హేమసుందరి ఆ వాసనలోకే కాపురానికొచ్చింది.
మొదటి వారం కొంగు ముక్కుకడ్డం.
తర్వాత అదే కొంగు నడుముకు దోపి
నేను కాల్చిన కొమ్ముకు కొబ్బరినూనె రాసేది
పసిబిడ్డ మాడుకు రాసినట్టు.
బిడ్డలు లేరు మాకు. కొమ్ములే.

బరంపురం పెద్దాసుపత్రిలో మూడో సూదికి
జుట్టు దిగిపోయింది.
దిండుమీద, సబ్బుమీద, నా అన్నం కంచంలో.
ఇంటినిండా దువ్వెనలు,
గూట్లో, గంపలో, గోడకు,
అమ్ముడుపోనివి రెండొందలు
పళ్లు బయటపెట్టుకుని.
దాచేద్దామని గోనెసంచి తెచ్చాను.
"ఉండనీ, అవేటి సేసినాయి పాపం" అంది.
ఒకటి తీసి, నన్ను పీటమీద కూచోబెట్టి
నా నాలుగు నెరిసిన వెంట్రుకలకు
అరగంటసేపు పాపిట తీసింది.

మహేంద్రతనయ ఒడ్డున
అందరూ పొగకు పక్కకు జరిగారు.
నేను పొగలోకి వెళ్లి నించున్నాను.
పుట్టినప్పట్నుంచీ తెలిసిన ఆ వాసన
ఎంతకీ రాలేదు.

ఆ తర్వాత దువ్వెన కొయ్యలేదు.
ఏనుగులు చేశాను, జింకలు,
భువనేశ్వరం కొట్టువాడు అడిగినన్ని రొయ్యలు.
కొంగకు మెడ ఒక్కటే, వంచితే అయిపోతుంది.
దువ్వెనకైతే
పన్నుకూ పన్నుకూ మధ్య ఖాళీ కొయ్యాలి.
పనిలో పడు, మర్చిపోతావు అన్నారు.
పనంతా తనే. ఎందులో పడేది?

గుండిచా అయిన మర్నాడు
వాన తగ్గేదాకా మా చూరు కింద ఆగింది ఒక పిల్ల.
గుండు. దానిమీద యూనిఫారం చున్నీ.
సెరంగో కొండల సవర పిల్ల, మార్తా గొమాంగో,
ఆరో తరగతి, ఆశ్రమం హాస్టలు.
పేలున్నాయని నలభై రెండు తలలు
ఒక్కపూటలో గొరిగించేసిందట మేట్రను.
చెవి వెనక కత్తిగాటు ఇంకా పచ్చిగా ఉంది.
గోడమీద దువ్వెనల్ని చాలాసేపు చూసి
ఒడియాలో అడిగింది:
"బాళొ ఆవు థొరే ఉఠిబొ, మౌసా?"
జుట్టు మళ్లీ మొలుస్తుందా అని.

ఇదే ప్రశ్న నన్ను ఒకరు తెలుగులో అడిగారు.
అప్పుడు మొలుస్తుందని అబద్ధం చెప్పాను.
ఇప్పుడూ అదే మాట చెప్పాను.
నిజమైపోయింది.

మొలిచేది మళ్లీ కత్తికి పోకూడదు.
ఆ రాత్రి కుంపటి రాజేశాను.
ఈర్పెన కోసి ఇరవై ఏళ్లు,
ప్లాస్టిక్కు వచ్చాక అడిగినవాడు లేడు.
రంపం వెంట్రుకంత. చెయ్యి వణికితే పన్ను విరుగుతుంది.
నా చెయ్యి వణుకుతుంది.
తొమ్మిది పాడుచేశాను.
విరిగిన పళ్లు చాపమీద నల్లగా, అచ్చం పేలలా పడుంటే
నవ్వొచ్చింది.
నవ్వి,
తప్పు చేసినట్టు లోపలి గదివైపు చూశాను.

నలభై రెండు కాలేదు. పందొమ్మిదే అయ్యాయి.
సంచిలో వేసుకుని
మేట్రనుతో పోట్లాడదామనే వెళ్లాను.
ఆవిడ ఒక చేత్తో హాజరు రాస్తూ
ఒక చేత్తో తల గోక్కుంటోంది.
ఆవిడకీ ఒకటిచ్చాను.

వరండా మెట్లమీద పిల్లలు
ఒకరి వెనక ఒకరు, రైలుపెట్టెల్లా.
అందరి తలలమీదా వేలెడు జుట్టు కూడా లేదు,
దువ్వడానికింకా ఏమీ లేదు,
అయినా దువ్వుతున్నారు.
అందరికన్నా ముందు కూచున్న పిల్ల వెనక ఎవరో నించున్నట్టు
ఒక్క క్షణం.
నేనటు చూడలేదు.

మార్తా తనది తెచ్చి నా చేతిలో పెట్టింది,
మరీ దగ్గరగా ఉన్నాయి మౌసా పళ్లు, లాగుతోంది అని.
ఇంకొంచెం ఖాళీ కావాలట.
సంచిమీద బొగ్గుముక్కతో
కొలత రాసుకున్నాను.